కౌలు కాగితం

కోటిపల్లి రేవులో
సరంగు పెయ్యల ముత్యాలుగారు
ఆఖరిసారి పంటు నడిపిన రోజు
నా ఫోన్లో నాలుగు నిమిషాలు పట్టుకున్నాను.
చుక్కాని మీద ఆయన బొటనవేలు,
ముక్తేశ్వరం గట్టు మెల్లగా పెద్దదవడం,
బొండాల మోపెడ్ల మధ్య ఓ మేక
గోదారిని చూసి మొహం తిప్పుకోవడం.

టిక్కెట్లు చింపే చెయ్యి నాది,
కెమెరా సంగతి నాకేం తెలుసు?
బోసిగా ఉందని కింద ఓ సినిమా పాట పరిచాను.
రాత్రి పెట్టాను. తెల్లారేసరికి మూగ.
పెదాలు కదుల్తున్నాయి, నీళ్ళు కదుల్తున్నాయి,
చప్పుడొక్కటే ఎవరో వలేసి లాగేసినట్టు.
కింద ఒక వాక్యం:
హక్కుదారు వేరే ఉన్నారట.

ఒళ్ళు మండింది.
పెళ్ళికీ, పేరంటానికీ, ఎలక్షన్లకీ
మైకుసెట్లో విన్నదే కదండీ,
ముప్పై ఏళ్ళు నా చెవుల్లో కాపురమున్న పాట
నాది కాకపోవడమేంటి?

మా బావమరిది ఏడుకొండలు
పరాయి చేను ఎకరం ముప్పై సెంట్లు చేస్తాడు.
టీ గ్లాసు దించి,
"ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు మీదే నడుస్తున్నా,
చేను నాదైపోయిందా బావా?
అడిగి దున్నాలి" అన్నాడు.
ఇంకేమీ అనలేదు. టీ చల్లారిందని విసుక్కున్నాడు.

సరే, అడిగాను.
పాటకి ఇద్దరు ఆసాములట.
కట్టినవాళ్ళకో శిస్తు,
రికార్డు చేసినవాళ్ళకో శిస్తు.
రెండూ కలిపితే పంటుకి కొత్త ఇంజను వస్తుంది.
ఊరికే దొరికే సంగీతం ఉందన్నారు కుర్రాళ్ళు.
విన్నాను. కాకినాడ షాపింగు మాల్లో
లిఫ్టు కోసం నిలబడ్డట్టుంది.
మా ఏటికి ఆ చొక్కా పట్టలేదు.

ద్రాక్షారామంలో సన్నాయి గవర్రాజుని అడిగాను.
ఆదివారం మధ్యాహ్నం కట్టేసి ఉన్న పంటు మీద కూర్చుని
నాలుగు నిమిషాలు మోహన ఊదాడు.
డోలు లేదు. ఇనప రేకు మీద నేనే చరిచాను.
మధ్యలో ఒకచోట దగ్గాడు, ఉంచెయ్యమన్నాడు.

"డబ్బులెందుకయ్యా" అంటూనే
ఐదొందలూ లెక్కపెట్టుకున్నాడు.
"మోహన ఎవడబ్బ సొత్తూ కాదు,
ఊపిరి మాత్రం నాదే.
ఈ వయసులో మళ్ళీ అంత రాదు."

కాగితం ఎలా రాయాలో తెలీక
ఏడుకొండలు కౌలు పత్రం ముందేసుకుని రాశాను:
గవర్రాజు అను నేను ఊదిన మోహన
ముత్యాలుగారి బొమ్మకి మాత్రమే,
పేరు తప్పక వెయ్యవలెను,
వేరొకరికి అమ్మరాదు, సొమ్ము ముట్టినది.
అలవాటుగా, తూర్పున ఎవరి చేను
అని రాయబోయి ఆగాను.

మూడో రోజున
ఎక్కడో ఒక యంత్రం చెవి రిక్కించి
ఇది మాదే అంది.
గవర్రాజు ఊపిరి! దగ్గుతో సహా!
కాగితాన్ని ఫొటో తీసి పంపాను,
సంతకం పక్కన తాంబూలం మరకతో పాటు.
పంతొమ్మిది రోజులు.
ఆ పంతొమ్మిది రోజులూ ఆయన
అవతలి గట్టున ఏ పనీ లేకుండానే పంటెక్కి
"ఏవన్నారు?" అని అడిగి
అదే పంటులో తిరిగెళ్ళేవాడు.
టిక్కెట్టు తీసుకున్నాను, రెండు వైపులా.
రూలు రూలే కదా అని ఆయనే అనేవాడు.

ఇరవయ్యో రోజు విడిచిపెట్టారు.
ఇప్పటికి అరవై మూడుమంది చూశారు.
పెళ్ళిలో అంతమంది వినరన్నాడు గవర్రాజు,
అక్కడందరి చెవులూ గరిట మీదే.

ముత్యాలుగారికి చూపించాను.
ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని
కళ్ళు మూసుకుని చూశారు.
"బానే ఉందిరా. సన్నాయి బానే ఉంది.
మరి మన ఇంజను చప్పుడేదీ?"

తీసేశాను.
ఎవర్నీ అడగక్కర్లేని చప్పుడు
అదొక్కటే ఉంది నా దగ్గర,
దాన్ని నేనే చేతులారా తీసేశాను.